ముల్కీ నుండి స్థానిక అభ్యర్థి దాకా: తెలంగాణ ప్రభుత్వోద్యోగ నియమాలలో ‘ఈ ప్రాంతం మనిషి’ నిర్వచనం

తెలంగాణలో ప్రభుత్వోద్యోగ నియామకాల చరిత్రను ఇంతవరకు ఎక్కువగా ఉద్యమాల చరిత్రగానే రాస్తూ వచ్చారు. 1952, 1969, 1972 అనే సంవత్సరాలు ఆ రచనలకు పునాదులు. ఎన్ని కొలువులు బయటివారికి పోయాయి, ఎన్ని దక్కాయి అన్న లెక్క వాటికి ఆయువుపట్టు. ఆ లెక్క అవసరమైనదే. అయితే లెక్కకు ముందు ఒక నిర్వచనం ఉండాలి. ఎవరిని ఈ ప్రాంతం మనిషిగా ఎంచాలో ఒక వాక్యంలో రాసి పెట్టుకున్న తరువాతే బయటివారెవరో చెప్పడం సాధ్యమవుతుంది. ఆ వాక్యం గత వంద సంవత్సరాలలో పలుమార్లు మారింది. మారిన ప్రతిసారీ కొందరు రాత్రికి రాత్రి స్థానికులయ్యారు, కొందరు కాకుండా పోయారు. ఈ వ్యాసంలో 1919 నాటి ముల్కీ నిబంధనలను, 1959 నాటి నివాస నియమాలను, 1975, 2018 సంవత్సరాల రాష్ట్రపతి ఉత్తర్వులను ఒకే వరుసలో ఉంచి, అవి ‘ఈ ప్రాంతం మనిషి’కి ఏ సాక్ష్యం అడిగాయో పరిశీలిస్తాను. న్యాయశాస్త్ర దృష్టితో ఈ పత్రాలను చదివినవారు అనేకులు. సాహిత్య విద్యార్థిగా నా ఆసక్తి వాటి మాటల మీద.

ముల్క్, ముల్కీ

‘ముల్క్’ అంటే దేశం, రాజ్యం. ఆ రాజ్యానికి చెందినవాడు ముల్కీ, చెందనివాడు గైర్ ముల్కీ. అరబ్బీ నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చిన ఈ జంట మాటలు దఫ్తరు భాషలో పుట్టి వీధి నినాదాలలోకి చేరాయి. మొదట అవి పుట్టిన సందర్భం తెలుగు, తెలుగేతర వివాదం కాదు. ఆంధ్ర, తెలంగాణ వివాదం అసలే కాదు.

మొదటి సాలార్‌జంగ్ 1853లో దివానుగా బాధ్యత స్వీకరించి 1883లో మరణించేంతవరకు హైదరాబాదు రాజ్యపాలనను కొత్త అచ్చులో పోశాడు. 1865 నాటి జిల్లాబందీ, రెవెన్యూ యంత్రాంగం, న్యాయస్థానాలు అన్నీ ఆ కాలంలో రూపుదిద్దుకొన్నవే. వీటిని నడపడానికి శిక్షణ పొందిన మనుషులు స్థానికంగా దొరకడం లేదన్న కారణంతో ఉత్తర హిందూస్థానం నుండి అధికారులను రప్పించారు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహ్‌సిన్-ఉల్-ముల్క్, వికార్-ఉల్-ముల్క్ వంటి ప్రముఖులు అట్లా వచ్చినవారే. తరతరాలుగా దర్బారును నమ్ముకొని ఉన్న దక్కనీ కుటుంబాలకు ఇది కంటగింపయింది. 1880ల దశకంలో ఫారసీ స్థానంలో ఉర్దూ పాలనాభాష కావడంతో, ఉర్దూలో పాండిత్యం గల ఉత్తరాదివారికి మరింత వెసులుబాటు కలిగింది. దక్కనీలు ఎవరిని పరాయివారని వేలెత్తి చూపారో, వారి బిరుదుల్లోనే ‘ముల్క్’ ఉన్నది. మొహ్‌సిన్-ఉల్-ముల్క్ అంటే రాజ్యానికి మేలు చేసినవాడని అర్థం. బిరుదు ఇచ్చిన ప్రభువు దృష్టిలో ముల్క్‌కు చెందడమనేది సేవతో వచ్చే యోగ్యత. దక్కనీల దృష్టిలో అది పుట్టుకతో వచ్చే హక్కు. ఈ రెండు అర్థాల నడుమ పెనుగులాట తరువాతి నిబంధనలన్నిటిలోనూ కనిపిస్తుంది.

హిజ్రీ 1337 రంజాన్ 25న, అంటే 1919లో, మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ననుసరించి వచ్చిన ముల్కీ నిబంధనలు ఈ రెండు అర్థాలకూ చోటిచ్చాయి. వాటి ప్రకారం ముల్కీ అనిపించుకోవడానికి నాలుగు దారులున్నాయి. జన్మతః హైదరాబాదు సంస్థాన ప్రజ అయినవాడు ముల్కీ. నివాసం వల్ల ఆ హక్కు సంపాదించినవాడు ముల్కీ. తాను పుట్టేనాటికి పదిహేనేళ్ళ సర్కారు కొలువు పూర్తిచేసి ఇంకా కొలువులో ఉన్న తండ్రికి పుట్టినవాడు ముల్కీ. ముల్కీకి భార్య అయిన స్త్రీ ముల్కీ. ముల్కీ కానివారిని నిజాం ప్రత్యేక అనుమతి లేకుండా పెద్ద కొలువులో గాని చిన్న కొలువులో గాని నియమించరాదన్నది మూల నియమం.

రెండవ దారి వివరం ఈ పత్రమంతటిలోనూ ఆలోచింపజేసే భాగం. సంస్థానంలో కనీసం 15 సంవత్సరాలు స్థిరంగా నివసించి ఉండాలి. అంతమాత్రం చాలదు. తాను వచ్చిన చోటికి తిరిగి వెళ్ళే ఆలోచన విడిచిపెట్టుకొన్నానని మేజిస్ట్రేటు ధ్రువీకరించిన ప్రమాణపత్రం కూడా దాఖలు చేయాలి. కాలాన్ని కొలవవచ్చు. ఆలోచనను కొలవడమెట్లా? మనిషి మనసులోని ఊరు ఏదో తెలుసుకోవాలన్న తపన ఒక పాలనా పత్రంలో ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు. సాక్ష్యం లేని ఆ మనసును ప్రమాణపత్రానికి అప్పగించడంతోనే, కాగితం తయారుచేయగలవాడు ముల్కీ కాగల వీలు ఏర్పడింది. 1952లో విద్యార్థులు దొంగ ముల్కీ సర్టిఫికెట్ల గురించి మొత్తుకొన్నప్పుడు దాని మూలం ఈ వాక్యంలోనే ఉన్నది.

అర్హతకు మరో పేరు భాష

జన్మతః ముల్కీ అయిన తెలుగు రైతు కొడుకు సంగతేమిటి? నిబంధన ప్రకారం అతని హక్కు నిర్వివాదం. సంస్థాన జనాభాలో తెలుగువారు దాదాపు సగం. ఆపై మరాఠీ, కన్నడ భాషీయులు. కానీ కొలువుకు దారి ఉర్దూ బడి గుండా పోయేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య బోధించడంలో గొప్ప ప్రయోగమే. ఆ భాష మాత్రం ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కరణ మహాసభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోనివారు గేలి చేశారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి అంకురార్పణ జరిగింది. ఈ సంఘటనను భాషోద్యమ చరిత్రలో భాగంగా చదవడం మనకు అలవాటు. ఉద్యోగ చరిత్రలో భాగంగా కూడా దానిని చదవవలసి ఉన్నది. ఎందుకంటే ముల్కీ నిబంధన ‘ఎవరికి’ అన్నదానికి జవాబు చెప్పింది గాని, అర్హత ఏమిటన్నది భాష నిర్ణయించింది. నిబంధన రక్షించినది ఆచరణలో పట్టణపు ఉర్దూ చదువరి అయిన ముల్కీనే.

అర్హులు స్థానికంగా లేరన్న మాట సాలార్‌జంగ్ కాలం నుండి మినహాయింపులకు ఊతకర్ర. అదే తీరు మాట సాహిత్యరంగంలోనూ వినిపించింది. తెలంగాణలో కవులే లేరన్న వ్యాఖ్యకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో సమాధానమిచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. ఉన్నామని చెప్పుకోవడానికి పేర్ల పట్టిక చూపవలసి రావడం ఆనాటి తెలుగు ముల్కీ పరిస్థితి. ఇది ఉద్యోగాల విషయంలోనూ అక్షరాలా నిజం. 1930ల మధ్యలో హైదరాబాదు హైదరాబాదీలకే అన్న నినాదంతో సాగిన ముల్కీ ఉద్యమం మత, భాషా భేదాలు దాటి విద్యావంతులను ఏకం చేయబోయింది గాని, ఊళ్ళ దాకా పోలేదు.

1948 తరువాత

1948 సెప్టెంబరు సైనిక చర్యతో పరిస్థితి తలకిందులైంది. జనరల్ చౌధురి సైనిక పాలనలోను, 1950 నుండి వెల్లోడి మంత్రివర్గ కాలంలోను మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల నుండి అధికారులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు వచ్చారు. ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. అంతకుముందు ఉర్దూ రాక కొలువు దొరకని తెలుగు ముల్కీకి ఇప్పుడు ఇంగ్లీషు రాక దొరకలేదు. ఉర్దూ మాధ్యమంలో చదివి కొలువుకు సిద్ధమైనవాడి చదువు ఒక్కసారిగా చెల్లని నాణెమయింది. వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువమంది కావడంతో ‘గైర్ ముల్కీ’ మాటకు మొదటిసారి తెలుగు ముఖం ఏర్పడింది.

1952లో వరంగల్లులో ఉపాధ్యాయ నియామకాల మీద మొదలైన అలజడి ఇడ్లీ సాంబారు గోబ్యాక్ అన్న నినాదంతో రాజధానికి పాకింది. సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కాలేజీ పరిసరాలలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం కలిగింది. జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి విచారణ జరిపారు. నినాదంలోని ఎత్తిపొడుపు గురించి నేటికీ వాదోపవాదాలు సాగుతాయి. ఆ నినాదం వెనుక ఉన్న అభ్యర్థన మాత్రం పూర్తిగా పాలనాపరమైనది: ఉన్న నిబంధనను అమలు చేయండి, దొంగ కాగితాలను రద్దు చేయండి. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వాన్ని విద్యార్థులు కొత్త చట్టం అడగలేదు.

పార్లమెంటు చట్టం కూలి, ఫర్మానా నిలిచిన వైనం

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం ఉద్యోగాలకు పన్నెండేళ్ళ నివాసం వంటి నియమం ఉండాలన్నది. భారత రాజ్యాంగం 16(2) అధికరణం ప్రకారం పుట్టిన చోటు, నివాసం కారణంగా ప్రభుత్వోద్యోగంలో వివక్ష చూపరాదు. 16(3) ఒక మినహాయింపు ఇస్తుంది: నివాస నియమాన్ని పార్లమెంటు మాత్రమే చట్టం ద్వారా విధించవచ్చు. ఆ అధికారంతో 1957లో పార్లమెంటు చట్టం చేసింది. దాని కింద 1959లో వచ్చిన నియమాలు తెలంగాణ ప్రాంతంలోని నిర్ణీత కొలువులకు 15 సంవత్సరాల నిరంతర నివాసాన్ని అర్హతగా పెట్టాయి. అయిదేళ్ళకని చేసిన ఏర్పాటును 1964లో మరో అయిదేళ్ళు పొడిగించారు.

పదజాలంలో వచ్చిన మార్పు గమనించదగ్గది. ‘ముల్కీ’ పోయి ‘నివాసి’ వచ్చాడు. పుట్టుక ప్రస్తావన లేదు, ప్రమాణం లేదు, తిరిగి వెళ్ళే ఆలోచన ఊసు లేదు. రాజ్యాంగం పుట్టుకను అడగనివ్వదు కనుక మిగిలింది కాలమొక్కటే. వాడుకలో మాత్రం ముల్కీ మాట చెక్కుచెదరలేదు. సర్టిఫికెట్టునూ జనం ముల్కీ సర్టిఫికెట్టనే పిలిచారు.

1969 జనవరిలో పాల్వంచ థర్మల్ విద్యుత్కేంద్రం ఉద్యోగాల వివాదంతో ఖమ్మంలో మొదలైన ఆందోళన కొద్దివారాలలో తెలంగాణ అంతటా వ్యాపించింది. జనవరి 21న వెలువడిన 36వ నంబరు జీవో ముల్కీలు కానివారిని ఫిబ్రవరి నెలాఖరులోగా తెలంగాణ ప్రాంతపు కొలువుల నుండి బదిలీ చేయాలన్నది. వివాదం న్యాయస్థానాలకెక్కింది. 1969 మార్చి 28న సుప్రీంకోర్టు 1957 చట్టంలోని మూడవ సెక్షను తెలంగాణకు సంబంధించినంతవరకు చెల్లదన్నది. దాని తర్కం ఒక మాట మీద నిలిచింది. 16(3) అధికరణం రాష్ట్రంలో నివాసమంటుందే తప్ప రాష్ట్రంలో ఒక భాగంలో నివాసమనదు. కనుక పార్లమెంటు కూడా భాగానికి నియమం విధించలేదు. ప్రజలు ప్రాణాలొడ్డి పోరాడుతున్న ప్రాంతానికి రాజ్యాంగ భాషలో పేరు లేదని తేలింది.

మూడేళ్ళకు విచిత్రం జరిగింది. ముల్కీ నిబంధనలు చెల్లవని 1972 ఫిబ్రవరిలో హైకోర్టు తీర్పు ఇవ్వగా, అక్టోబరు 3న సుప్రీంకోర్టు దానిని తిరగరాసింది. రాజ్యాంగం వచ్చేనాటికి అమలులో ఉన్న అటువంటి చట్టాలను 35(బి) అధికరణం కాపాడుతుందనీ, పార్లమెంటు మార్చేవరకు అవి బతికే ఉంటాయనీ నిర్ణయించింది. ప్రజాస్వామ్య ప్రభుత్వం చేసిన చట్టం కూలిపోయింది, నిజాం ఫర్మానా నిలిచింది! ఈ వైచిత్రిని కేవలం చట్టపు మెలికగా తీసివేయలేం. కొత్తగా ఇటువంటి గీత గీయడానికి రాజ్యాంగం వెనుకాడింది. రాచరికం గీసిపోయిన గీతను మాత్రం చెరపలేకపోయింది. తీర్పు ఫలితంగా కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు మంత్రివర్గం రాజీనామా చేసింది. రాష్ట్రపతి పాలన వచ్చింది.

బడి సాక్ష్యం

1973 సెప్టెంబరు 21 నాటి ఆరు సూత్రాల పథకం, దాని కోసం 32వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 371-డి అధికరణం, 1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కలిసి వివాదపు పరిభాషనే మార్చివేశాయి. ముల్కీ నిబంధనలను పార్లమెంటు రద్దుచేసింది. వాటి స్థానంలో ‘స్థానిక అభ్యర్థి’ అవతరించాడు. ప్రాచీన కాలంలో ‘స్థానికుడు’ అన్న మాట ఉద్యోగి పేరే. అర్థశాస్త్రంలో స్థానికుడు గోపుని మీది అధికారి. దేవాలయ శాసనాలలో స్థానికులు గుడి వ్యవహారాలు చూసేవారు. కొలువు చేసేవాడి పేరు చివరికి కొలువు కోరేవాడికి చేరింది.

ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విభజించింది. జిల్లా స్థాయి గుమాస్తా కొలువులలో 80 శాతం, జోన్ స్థాయి నాన్ గెజిటెడ్ కొలువులలో 70 శాతం, నిర్ణీత గెజిటెడ్ కొలువులలో 60 శాతం స్థానిక అభ్యర్థులకు కేటాయించింది. స్థానికుడంటే పదవ తరగతి పరీక్షకు మొదటిసారి హాజరైన సంవత్సరంతో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవాడు. ఆ కాలంలో బడికి పోనివారికి నివాసం ఆధారం. మధ్యలో ఊళ్ళు మారినవారికి ఏడేళ్ళ లెక్క చూసి, ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడివాడిగా ఎంచుతారు.

ఈ నిర్వచనం చేసిన మేలును తక్కువగా చూడరాదు. మేజిస్ట్రేటు ముందు చేసే ప్రమాణం కన్నా బడి రిజిస్టరు గట్టి సాక్ష్యం. పదిహేనేళ్ళ కొడుకు కొలువు కోసం ఎవరూ పాత తారీఖుతో బడిలో చేరలేరు. స్త్రీల విషయంలో జరిగిన మార్పు మరింత ముఖ్యమైనది. దీనిని మన పరిశోధకులు దాదాపుగా పట్టించుకోలేదు. 1919 నిబంధనలో స్త్రీ పెళ్ళి ద్వారా ముల్కీ కాగలిగేది. ఆమె చెందడమనేది భర్తకు అనుబంధం. 1975 ఉత్తర్వులో పెళ్ళికి చోటు లేదు. అత్తవారిల్లు ఎక్కడైనా కావచ్చు, ఆమె తాను చదివిన చోటికే స్థానికురాలు. ఒక అర్థంలో ఆమెకు మొదటిసారి సొంత ఊరు దక్కింది. అదే సమయంలో పెళ్ళయి మరో జోన్‌లో ఇరవై ఏళ్ళు కాపురం చేసినా ఆమె అక్కడ స్థానికేతరురాలే.

ఇంకొక మార్పు ఉత్తర్వులో చడీచప్పుడు లేకుండా జరిగింది. తెలంగాణ అన్న పేరు నిర్వచనం నుండి మాయమైంది. వరంగల్లు, ఖమ్మం ఉన్న అయిదో జోన్ అభ్యర్థి ఆరో జోన్‌లోని నల్లగొండలో స్థానికేతరుడు. శ్రీకాకుళం మనిషి నెల్లూరులో స్థానికేతరుడు. ఉద్యమం అడిగిన ప్రాంతం ఒకటి, ఉత్తర్వు ఇచ్చిన ప్రాంతాలు ఆరు. వీటికి తోడు సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు, ప్రత్యేక కార్యాలయాలు, భారీ ప్రాజెక్టులు ఉత్తర్వు పరిధికి వెలుపల ఉండిపోయాయి. 1919లో నిజాం ప్రత్యేక అనుమతి ఉన్న చోటును ఇప్పుడు మినహాయింపుల జాబితా ఆక్రమించింది. నా పరిశీలనలో ప్రతి దశలోనూ ఆగ్రహానికి కారణమైనది నిర్వచనం కన్నా, దాని పక్కన తెరిచి ఉంచిన ఈ తలుపే. 1985లో అధికారుల సంఘం అయిదు, ఆరు జోన్లలో 58,962 మంది స్థానికేతరులు ఉన్నారని తేల్చింది. ఆ ఏడాది డిసెంబరు 30న వచ్చిన 610 జీవో వారిని 1986 మార్చి 31 లోగా సొంత జోన్లకు పంపాలన్నది. పదిహేనేళ్ళు గడిచాక, 2001లో, అది ఎందుకు అమలు కాలేదో చూడడానికి గిర్‌గ్లానీ కమిషన్ వేయవలసి వచ్చింది.

ఏడో తరగతి లోపు

2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా 371-డి అధికరణం రెండు రాష్ట్రాలలోనూ కొనసాగుతున్నది. నిర్ణీత గడువులోగా తెలంగాణ నుండి ఆంధ్రప్రదేశ్‌కు తరలివెళ్ళినవారిని అక్కడ స్థానికులుగా గుర్తిస్తూ 2016లో ఉత్తర్వును సవరించారు. ఏ బడిలోనూ చదవకుండానే తరలింపు తేదీతో స్థానికత వచ్చిన సందర్భమిది. పాలకులు తలచుకొంటే సాక్ష్యాన్ని సడలించవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

తెలంగాణకు 2018 ఆగస్టులో వచ్చిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికుల వాటాను 95 శాతానికి పెంచింది, ఏడు జోన్లను, రెండు మల్టీజోన్లను ఏర్పరచింది. చదువు లెక్కను పదవ తరగతి నుండి కిందికి జరిపింది. ఏడవ తరగతి లోపు కనీసం నాలుగేళ్ళు చదివిన చోటే ఇప్పుడు స్థానికతకు ఆధారం. హైస్కూలు చదువుకు పిల్లలు హైదరాబాదు హాస్టళ్ళకు తరలిపోయే కాలంలో, పల్లెలో చదివిన తొలి తరగతులను ఆధారం చేసుకోవడం వెనుక పల్లె పిల్లల వాటా నగర జిల్లాల లెక్కలో కలిసిపోకూడదన్న ఉద్దేశం ఉందని ఊహించవచ్చు. ఆ మేరకు ఇది పాత ఉత్తర్వు కన్నా పుట్టుకకు దగ్గరగా జరిగిన నిర్వచనం. నోటిఫికేషన్ రాగానే ఒకటో తరగతి నుండి ఏడో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్ల కోసం అభ్యర్థులు పాత బడుల చుట్టూ తిరగడం, మూతపడిన ప్రైవేటు బడుల రిజిస్టర్ల కోసం మండల కార్యాలయాలలో వెతకడం దీని నిత్య రూపం.

ఈ నిర్వచనంలో ఇమడని ఒక వర్గం గురించి మాత్రం ఇంతవరకు చర్చ జరగలేదు. పాలమూరు నుండి, కరీంనగరు, వరంగల్లు ప్రాంతాల చేనేత కుటుంబాల నుండి భీవండి, సూరత్, షోలాపూర్ వంటి చోట్లకు పొట్టకూటికి వెళ్ళినవారి పిల్లలు ప్రాథమిక తరగతులు అక్కడి బడులలోనే చదువుతారు. తాతముత్తాతల కాలం నుండి ఈ నేల మీద పుట్టి పెరిగిన కుటుంబాలవి. ఓట్లు ఇక్కడే, ఇల్లు ఇక్కడే. 1919 నాటి నిబంధన ప్రకారం ఆ పిల్లలు జన్మతః ముల్కీలు, మారుమాట లేదు. 2018 ఉత్తర్వు ప్రకారం తెలంగాణలోని ఏ జిల్లాకూ వారు స్థానికులు కారు. వారికి మిగిలేది అందరితోపాటు పోటీపడవలసిన ఆ 5 శాతమే. బడికి పోనివారికైతే నివాసం చూపుకొనే వెసులుబాటు ఉన్నది. బతుకుదెరువు కోసం వెళ్ళిన చోట కూడా పిల్లలను బడి మాన్పించకుండా చదివించిన తల్లిదండ్రులకు ఆ వెసులుబాటు కూడా లేదు.